"పైనుంచి రాలేదు" అంటే ఎవరి దగ్గర ఆగినట్టు?

మీరు అడిగింది ఇది. మీ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీలో) మీ అమ్మగారు వాడే బీపీ, షుగర్ మాత్రలు నెలకు పైగా లేవు. ఫార్మసిస్టును అడిగితే "పైనుంచి రాలేదు" అన్నారు, డాక్టరుగారిదీ అదే మాట. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెట్టారు. కొన్నాళ్లకు "మీ సమస్య పరిష్కరించబడింది" అని ఫోనుకు మెసేజ్ వచ్చింది గానీ మాత్రలు రాలేదు. ఇంతమంది అధికారులున్న శాఖలో అసలు ఎవరు ఎవరికి జవాబుదారీ అన్నది మీ ప్రశ్న.

నేను ఈ శాఖలోనే జిల్లా కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేరి పరిపాలనాధికారిగా రిటైరయ్యాను. ఇండెంట్లు (ఇన్ని మందులు కావాలని పైకి పెట్టే కాగితాలు), బిల్లులు, మెమోలు, ఆడిట్ అభ్యంతరాలు అన్నీ నా టేబుల్ మీదుగా వెళ్లినవే. కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. దానికంటే ముందు, మీ అమ్మగారు మాత్రలు ఒక్కరోజు కూడా ఆపకూడదు. దగ్గర్లోని సామాజిక ఆరోగ్య కేంద్రంలోనో ఏరియా ఆసుపత్రిలోనో అడగండి, లేదంటే జన ఔషధి షాపులో అదే మందు తక్కువ ధరకు దొరుకుతుంది. హక్కు కోసం చేసే పోరాటం నెలలు పట్టవచ్చు, బీపీ అన్నాళ్లు ఆగదు.

ఇక విషయానికి వస్తాను. మన వైద్య ఆరోగ్య శాఖలో చూసేవాళ్లకు, తనిఖీలకు, రిపోర్టులకు ఏ లోటూ లేదు. ఆశా కార్యకర్త నుంచి కమిషనర్ దాకా ప్రతి ఒక్కరూ రోజూ ఏదో ఒక యాప్‌లో ఏదో ఒక అంకె పైకి పంపుతూనే ఉంటారు. లోటంతా చూసిన తర్వాత చేయాల్సిన పనిలో ఉంది. ఫలానా అధికారి వచ్చి చూశారా అని అడిగితే చూశారనే జవాబు వస్తుంది, అది నిజమే కూడా. చూశాక ఏం చేశారు, ఆ కాగితం చూపించండి అని అడిగినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

తనిఖీ ఎలా జరుగుతుందో చెబుతాను. జిల్లా అధికారి ముందుగా టూర్ ప్రోగ్రాం ఇస్తారు, తిరిగొచ్చాక టూర్ డైరీ రాస్తారు. కేంద్రానికి వచ్చినప్పుడు ఓపీ రిజిస్టర్ తిరగేస్తారు, లేబర్ రూమ్ చూస్తారు, టీకాలుండే ఫ్రిజ్ మీద ఉష్ణోగ్రత చార్టు చూస్తారు, వెళ్లేముందు విజిటర్స్ బుక్‌లో నాలుగు లైన్లు రాసి సంతకం పెడతారు. "అత్యవసర మందుల నిల్వలు సరిచూసుకోవాలి, సిబ్బంది సమయపాలన పాటించాలి." ఆరు నెలల తర్వాత వచ్చిన ఇంకో అధికారి, వెనక పేజీ తిప్పి చూడకుండా, దాదాపు అదే వాక్యం రాస్తారు. ఇలాంటి పుస్తకాలు నేను చాలా చూశాను. మొదటి అధికారి చెప్పింది జరిగిందా లేదా అని రాయడానికి ఆ పుస్తకంలో గడే ఉండదు. రెండో అధికారిని ఎవరూ ఆ ప్రశ్న అడగరు.

మీ అర్జీకి జరిగింది కూడా ఇదే. కలెక్టరేట్‌లో ఇచ్చిన అర్జీ ఆన్‌లైన్‌లో జిల్లా వైద్య ఆరోగ్యాధికారి (డీఎంహెచ్‌ఓ) లాగిన్‌కి వెళ్తుంది. అక్కడి నుంచి "తగు చర్య నిమిత్తం" అని మీ పీహెచ్‌సీ వైద్యాధికారికి వెళ్తుంది. అంటే ఫిర్యాదు ఎవరి మీదో జవాబు రాసేదీ వాళ్లే. ఆయన "ఇండెంట్ పెట్టాము, సరఫరా కాగానే అందజేస్తాము" అని రాస్తారు. అర్జీకి గడువుంటుంది, గడువు దాటినవి ఎన్ని అని సమీక్షలో అడుగుతారు గనక ఆ జవాబును ఎక్కించి అర్జీని మూసేస్తారు. ఆ సమీక్షలో లెక్కపెట్టేది పెండింగ్ అర్జీలనే, మీ ఊళ్లో ఎంతమందికి మాత్రలు అందాయన్నది కాదు. దేన్ని లెక్కపెడితే కింద సిబ్బంది దాన్నే చక్కబెడతారు. ఇందులో వాళ్లను తప్పుపట్టడానికి కూడా పెద్దగా ఏమీ లేదు, సమీక్ష పెట్టిన పద్ధతే అలా ఉంది.

ఎవరి కింద ఎవరున్నారో తెలియకుండా అర్జీ పెడితే తిరుగుటపాలోనే కాలం గడిచిపోతుంది కాబట్టి అదీ చెబుతాను. పీహెచ్‌సీలు, సబ్ సెంటర్లు ప్రజారోగ్య విభాగం కిందివి, వాటికి జిల్లాలో పెద్ద డీఎంహెచ్‌ఓ. సామాజిక ఆరోగ్య కేంద్రాలు, ఏరియా ఆసుపత్రులు వైద్య విధాన పరిషత్ కిందివి, ఆంధ్రలో దాన్ని ఇప్పుడు సెకండరీ హెల్త్ అంటున్నారు. వాటికి జిల్లాలో ఆసుపత్రుల సేవల సమన్వయాధికారి (డీసీహెచ్‌ఎస్) ఉంటారు, డీఎంహెచ్‌ఓ మాట అక్కడ చెల్లదు. బోధనాసుపత్రులు వైద్య విద్య సంచాలకుల (డీఎంఈ) కిందివి. ఈఎస్ఐ డిస్పెన్సరీలైతే అసలు ఆరోగ్య శాఖవే కావు, కార్మిక శాఖవి. ఇక మందులు కొనేది ఈ విభాగాలేవీ కావు, దానికి రెండు రాష్ట్రాల్లోనూ వేరేగా వైద్య సేవల, మౌలిక సదుపాయాల సంస్థలున్నాయి. ఇన్ని గోడల మధ్య "పైనుంచి రాలేదు" అనడం చాలా తేలిక, ఎందుకంటే పైన ఎవరన్నది ఎవరూ చెప్పనక్కర్లేదు.

అందుకే ఆ ఒక్క మాటను విడగొట్టి చూడాలి. నాకు తెలిసినంతలో అది నాలుగు వేర్వేరు పరిస్థితులకు వాడే ఒకే జవాబు.

మొదటిది, ఇండెంటే తక్కువ పెట్టి ఉండవచ్చు. ఇందులో ఒక చిక్కు ఉంది, బయటివాళ్లకు అస్సలు కనబడదు. ఉదాహరణకు మీ కేంద్రంలో షుగర్ ఉన్నవాళ్లు 300 మంది, రోజుకు రెండు మాత్రల చొప్పున నెలకు 18,000 మెట్‌ఫార్మిన్ మాత్రలు కావాలి. మూడు నెలలకు 54,000. వచ్చినవి 20,000 అనుకోండి. నెల దాటగానే అయిపోతాయి. మిగతా రెండు నెలలూ జనం వచ్చి ఉత్తచేతులతో వెళ్తారు, కానీ ఉత్తచేతులతో వెళ్లినవాళ్లను రాయడానికి రిజిస్టరు లేదు. మూడు నెలల "వినియోగం" 20,000గా నమోదవుతుంది. తర్వాతి ఇండెంట్ కిందటి వినియోగాన్ని బట్టి వేస్తారు కాబట్టి 20,000కి కాస్త కలిపి పెడతారు. ఇక ఆ కేంద్రానికి 54,000 కావాలన్న సంగతి ఏ కాగితం మీదా ఉండదు. పైనున్న అధికారి కంప్యూటర్‌లో చూస్తే అడిగిందంతా ఇచ్చినట్టే కనిపిస్తుంది, ఆయన అబద్ధం చెప్పట్లేదు. దీనికి మందు కేంద్రంలోనే ఉంది. అసంక్రమిక వ్యాధుల (ఒకరి నుంచి ఒకరికి అంటని జబ్బుల) సర్వేలో ఏఎన్‌ఎంలు (సబ్ సెంటర్ నర్సులు), ఆశాలు ఇల్లిల్లూ తిరిగి రాసిన బీపీ, షుగర్ పేషెంట్ల సంఖ్య ఉంటుంది. దాన్ని ఇండెంట్ పక్కన పెట్టి చూడమని వైద్యాధికారిని అడగాలి.

రెండోది, మందు జిల్లా సెంట్రల్ డ్రగ్ స్టోర్‌లో ఉండి మీ కేంద్రానికి చేరకపోవడం. బండి లేదనో, డీజిల్ బిల్లు ఆగిందనో, ఫార్మసిస్టు ఇంకో కేంద్రానికి కూడా ఇన్‌చార్జి కావడం వల్ల తెచ్చుకోలేదనో కారణాలుంటాయి. ఇది జిల్లా స్థాయిలోనే తేలిపోయే విషయం, గట్టిగా అడిగితే వారంలో కదులుతుంది.

మూడోది, జిల్లా స్టోరులోనే నిల్. అంటే మందులు కొనే సంస్థ ఆర్డర్ ఇచ్చినా కంపెనీ సరఫరా చేయలేదు, లేదా టెండరే తేలలేదు. పాత బిల్లులు నెలల తరబడి ఆగితే ఏ కంపెనీ అయినా సరుకు పంపడం తగ్గిస్తుంది. ఇక్కడ జవాబు చెప్పాల్సింది మీ డాక్టరూ కాదు, డీఎంహెచ్‌ఓ కూడా కాదు, సంస్థ ఎండీ, ఆర్థిక శాఖ. ఇలాంటి చోట ఫార్మసిస్టు మీద అరిస్తే అన్యాయం.

నాలుగోది, సరుకు వచ్చి నాణ్యత పరీక్ష ఫలితం కోసం ఆగి ఉండటం. ఈ ఆలస్యాన్ని మాత్రం మనం భరించాలి, తొందరపెట్టకూడదు.

ఏది నిజమైనా ఇంకో ప్రశ్న మిగిలే ఉంటుంది. సరఫరా లేనప్పుడు స్థానికంగా కొనుక్కోవడానికి మందుల బడ్జెట్‌లో కొంత వాటా, ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ నిధులు ఉంటాయి. ఆ డబ్బు ఆ నెలల్లో ఉందా? ఉంటే దేనికి ఖర్చయింది? ఈ నిర్ణయం వైద్యాధికారిదీ సొసైటీదీ. "పైనుంచి రాలేదు" అన్న మాట ఇక్కడ పనికిరాదు.

పొరుగునే తమిళనాడు ఈ పనిని ఎలా చక్కబెట్టుకుందో మన శాఖలో పెద్దలు సెమినార్లలో ఎన్నోసార్లు విన్నారు. అక్కడ మందుల కొనుగోలు సంస్థ 1994లో ఏర్పడి 1995 జనవరి నుంచి పని మొదలుపెట్టింది. ప్రతి ఆసుపత్రికీ ఒక పాస్‌బుక్ ఇచ్చారు. ఏడాదికి ఇన్ని రూపాయల మందులు తీసుకోవచ్చు అని అందులో రాసి ఉంటుంది, తీసుకున్న ప్రతిసారీ గోదాములో ఆ మేరకు తగ్గించి రాస్తారు. ఆసుపత్రి ఖాతాలో ఎంత మిగిలిందో ఫార్మసిస్టుకు, డాక్టరుకు, గోదాము వాళ్లకు ఒకే అంకెగా కనిపిస్తుంది. వచ్చిన ప్రతి బ్యాచ్ నుంచీ నమూనా తీసి, కంపెనీ పేరు కనబడకుండా కోడ్ నంబరు వేసి ల్యాబుకి పంపుతారు. పరీక్షలో నెగ్గితేనే మందు ఆసుపత్రికి వెళ్తుంది. ల్యాబువాళ్లకు అది ఎవరి మందో తెలియదు కాబట్టి మొహమాటానికి తావు లేదు. ఇందులో గొప్ప సాఫ్ట్‌వేర్ ఏమీ లేదు, మొదట్లో చాలా భాగం పుస్తకాల మీదే నడిచింది. ఒక పని జరగకపోతే దాని పర్యవసానం ముందే రాసిపెట్టి ఉంది, దాన్ని అమలుచేశారు. మనకు మందుల నిల్వలు చూపే ఈ-ఔషధి అనే ఆన్‌లైన్ వ్యవస్థ వచ్చి చాలా ఏళ్లయింది. ఏ కేంద్రంలో ఏ మందు నిల్ అయిందో జిల్లా అధికారి తన కుర్చీలో కూర్చునే చూడగలరు. ఇన్ని రోజులు నిల్ ఉంటే ఎవరు ఏం చేయాలి అన్నది మాత్రం కంప్యూటరు చెప్పదు, మనుషులే తేల్చుకోవాలి.

హాజరు సంగతీ ఇంతే. 2002-03లో దేశంలోని ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు ముందు చెప్పకుండా వెళ్లి చూసిన ఒక పెద్ద సర్వేలో, సిబ్బందిలో దాదాపు 40 శాతం మంది ఆ సమయానికి అక్కడ లేరు. అందులో మీటింగులకు, ఫీల్డు పనికి వెళ్లినవాళ్లూ ఉంటారు, అందరూ ఎగ్గొట్టినవాళ్లని కాదు. దాని తర్వాత రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాలో ఒక ప్రయోగం చేశారు. నర్సులు కేంద్రానికి వచ్చిన రోజున తేదీ, సమయం పడే స్టాంపింగ్ యంత్రంతో రోజుకు మూడుసార్లు రిజిస్టరులో ముద్ర వేయాలి. రాని రోజులకు జీతం కోస్తామని జిల్లా యంత్రాంగం చెప్పింది. మొదటి నెలల్లో హాజరు బాగా పెరిగింది. పదహారు నెలలు గడిచేసరికి ఆ తేడా మొత్తం కరిగిపోయింది. అసలు కారణం యంత్రం కాదు. పై అధికారులు "ఈ రోజు మినహాయింపు", "ఈ రోజు మీటింగు" అంటూ మినహాయింపులు పెంచుకుంటూ పోయారు. కోత పడాల్సిన రోజులన్నీ కాగితం మీద డ్యూటీ రోజులైపోయాయి. ఇప్పుడు మన దగ్గర బయోమెట్రిక్ పోయి ముఖం గుర్తించే యాప్ వచ్చింది. అది ఎంత కచ్చితమైనదన్న చర్చ నాకు అంత ముఖ్యం అనిపించదు. ఆన్ డ్యూటీ మంజూరు చేసేది ఎవరు, ఆ జాబితా నెలకోసారి ఎవరు చూస్తున్నారు అన్నదే అసలు ప్రశ్న.

దానికి తోడు డిప్యుటేషన్లు. మీ పీహెచ్‌సీలో స్టాఫ్‌నర్సు పోస్టు భర్తీ అయినట్టే ఉంటుంది, జీతం మీ కేంద్రం పద్దు మీదే పడుతుంది, ఆవిడ పనిచేసేది జిల్లా కేంద్రంలో. ఏదో ఒక సిఫారసు ఉత్తరం మీద అలా వెళ్లినవాళ్లు ఏళ్ల తరబడి వెనక్కి రారు. ఉన్నవాళ్ల మీద రెట్టింపు భారం పడుతుంది, జనం తిట్టేది కూడా ఉన్నవాళ్లనే. శాఖలో ఉన్నన్నాళ్లూ నాకు అన్నిటికంటే బాధ కలిగించిన విషయం ఇది.

బాధ అన్నాను కాబట్టి మెమోల గురించి కూడా చెప్పాలి. ఏదైనా జరగరానిది జరిగి పత్రికలో వస్తే సాయంత్రానికి ఒక మెమో వెళ్లాలి. అది ఎప్పుడూ తేలిగ్గా దొరికేవాళ్లకే వెళ్తుంది. రెగ్యులర్ ఉద్యోగి అయితే 1991 నాటి సీసీఏ నిబంధనల (ఉద్యోగుల మీద క్రమశిక్షణ చర్యల నిబంధనల) ప్రకారం అభియోగాలు, వివరణ, విచారణాధికారి, నివేదిక అన్నీ జరగాలి. పెద్ద హోదాల్లో ఉన్నవాళ్ల ఫైళ్లు ఇలా ఏళ్లు నడిచి, కొన్ని రిటైర్మెంట్ దాకా వెళ్తాయి. అదే ఔట్‌సోర్సింగ్ ల్యాబ్ టెక్నీషియనో, కాంట్రాక్టు ఏఎన్‌ఎమ్మో, ఆశానో అయితే "రేపటి నుంచి రావద్దు" అనడానికి ఒక్క కాగితం చాలు. బాధ్యత ఎంత పైకి వెళ్తే శిక్ష అంత దూరమవుతుంది. కింది ఉద్యోగిని తీసేసి చర్య తీసుకున్నామని పత్రికా ప్రకటన ఇచ్చినప్పుడు మనం సంతోషించడం మానేయాలి. ఇండెంట్ మీద, టెండరు మీద, డిప్యుటేషన్ ఉత్తర్వు మీద సంతకం ఎవరిదో అడగాలి.

శిక్షే సర్వస్వం కాదనడానికి మన శాఖలోనే మంచి ఉదాహరణ ఉంది, మాతృ మరణాల సమీక్ష. 2010లో కేంద్రం దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. గర్భంతో ఉండగా గానీ, కాన్పులో గానీ, కాన్పు తర్వాత 42 రోజుల్లో గానీ తల్లి చనిపోతే ఆ ఒక్క మరణం మీద ఆసుపత్రిలోనూ ఊళ్లోనూ విచారించాలి, కొన్నిటిని కలెక్టరు స్వయంగా సమీక్షించాలి, కుటుంబ సభ్యులను కూడా పిలవాలి. ఇంట్లో నిర్ణయం తీసుకోవడంలో ఆలస్యమైందా, బండి దొరకడంలో ఆలస్యమైందా, ఆసుపత్రికి చేరాక వైద్యం అందడంలో ఆలస్యమైందా అని మూడు ఆలస్యాలను విడివిడిగా చూస్తారు. ఎవరినో బలి చేయడానికి కాదు ఈ సమీక్ష అని మార్గదర్శకాల్లోనే ఉంది. 2011-13లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష సజీవ జననాలకు 92గా ఉన్న మాతృ మరణాలు 2018-20 నాటికి తెలంగాణలో 43కి, ఆంధ్రలో 45కి తగ్గాయి. దీని వెనక 108 బండ్లు, ఆసుపత్రి కాన్పులు, రక్తనిధులు, ఏఎన్‌ఎంల కష్టం అన్నీ ఉన్నాయి, సమీక్ష ఒక్కటే కారణమని అనను. కానీ ఒక్కొక్క మరణాన్ని విడిగా కూర్చుని చదివిన జిల్లాల్లో, రిఫర్ చేసే ముందు ఫోన్ చేయడం, రక్తం సిద్ధంగా ఉంచడం వంటి చిన్న మార్పులు నిజంగా వచ్చాయి. అదే సమీక్షలో ఏ కలెక్టరైనా అందరి ముందు ఏఎన్‌ఎం మీద కేకలేసి మెమో ఇప్పిస్తే, మర్నాటి నుంచి ఆ జిల్లాలో నిజం రాయడం ఆగిపోతుంది. "దారిలో చనిపోయింది" అని రాస్తారు, ఎవరి ఖాతాలోనూ పడదు. నిజం చెప్పినవాళ్లను కాపాడటం, నిజం దాచినవాళ్లను శిక్షించడం, రెండూ కలిస్తేనే అది పర్యవేక్షణ.

ఆడిట్ గురించి క్లుప్తంగా. ప్రభుత్వ ఖర్చులను ఆడిట్ చేసే కాగ్ మన శాఖ లెక్కలు చూస్తుంది, ఆ నివేదిక శాసనసభ ముందుకు వస్తుంది, ప్రజా పద్దుల సంఘం దాన్ని పరిశీలించాలి. ఈ నివేదికలు కాగ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, చదవండి. 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకొచ్చిన ఆయుష్మాన్ భారత్ ఆడిట్‌లో దాదాపు ఏడున్నర లక్షల మంది లబ్ధిదారులకు 9999999999 అనే ఒకే ఫోన్ నంబరు ఉన్నట్టు తేలింది. చనిపోయినట్టు అదే వ్యవస్థలో నమోదైన 3,446 మంది పేరు మీద వైద్యానికి 6.97 కోట్ల రూపాయలు చెల్లించారు. అంతా కంప్యూటర్‌లోనే ఉంది, ఎవరూ దాచలేదు. ఇక జిల్లా కార్యాలయాల్లో ఆడిట్ పారాలకు (అభ్యంతరాలకు) మేం రాసే జవాబులు నాకు కంఠతా వచ్చు: "భవిష్యత్ మార్గదర్శకత్వం కోసం నమోదు చేసుకున్నాము, పారాను ఉపసంహరించగలరు." ఒకే అభ్యంతరం మూడు ఆడిట్లలో వరసగా వచ్చినా జవాబు మాత్రం మారదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. "మందులు ఎందుకు లేవు" అని అడగవద్దు. చట్టం ఉన్న రికార్డు ఇవ్వమంటుంది గానీ కారణాలు కొత్తగా రాసిమ్మనదు, ఆ ఒక్క పదం పట్టుకుని తిప్పి పంపేస్తారు. ఇలా అడగండి: గత పన్నెండు నెలల్లో మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్ మాత్రలకు పెట్టిన ఇండెంట్ల నకళ్లు, తేదీలతో. అదే కాలానికి ఈ రెండు మందుల స్టాక్ రిజిస్టరు పేజీలు. అదే కాలంలో స్థానిక కొనుగోళ్ల బిల్లులు. ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ సమావేశాల మినిట్స్, నగదు పుస్తకం. మంజూరైన పోస్టులు, పనిచేస్తున్నవారి సంఖ్య, డిప్యుటేషన్ ఉత్తర్వుల నకళ్లు. తనిఖీకి వచ్చిన అధికారులు రాసిన పేజీలు, వాటిపై తీసుకున్న చర్యల నివేదికలు. చివరగా, మీ అర్జీ నంబరు వేసి, దాన్ని పరిష్కరించినట్టుగా మూయడానికి ఆధారమైన నివేదిక నకలు.

ఈ చివరిది తప్పకుండా అడగండి. పరిష్కారమైందని రాసింది ఎవరో ఆ కాగితం మీద సంతకంతో ఉంటుంది. దాని పక్కన స్టాక్ రిజిస్టరులో అదే తేదీకి నిల్ అని ఉంటే, ఇంక మీరు ఎవరికీ ఏమీ నిరూపించనక్కర్లేదు.

దరఖాస్తు పీహెచ్‌సీ వైద్యాధికారి పేరుకే ఇవ్వవచ్చు, చాలాచోట్ల సమాచార అధికారి ఆయనే. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు తెల్ల రేషన్ కార్డు నకలు జతచేస్తే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, లేదా సగం సగం వస్తే, మరో 30 రోజుల్లోగా పై అధికారికి మొదటి అప్పీలు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. నకళ్లకు డబ్బు ఎక్కువవుతుందనుకుంటే రికార్డులు అక్కడే కూర్చుని చూసుకునే హక్కు కూడా సెక్షన్ 2(జె)లో ఉంది. ఫలానా ఉద్యోగి హాజరు, ఫలానా వ్యక్తి సెలవులు అని పేరు పెట్టి మాత్రం అడగవద్దు. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన సెక్షన్ 8(1)(జె)ని మార్చేసింది, వ్యక్తిగతం అని తిరస్కరించడానికి ఇప్పుడు దారి సులువైంది. పోస్టుల వారీగా, నెలల వారీగా అడిగితే ఆ అడ్డు రాదు. పేషెంట్ల వివరాలు ఎలాగూ మనకు అక్కర్లేదు.

మందు నాణ్యత మీద అనుమానమైతే దారి వేరు. 1940 నాటి ఔషధాల చట్టం సెక్షన్ 26 ప్రకారం ఎవరైనా నిర్ణీత ఫీజు కట్టి తాము కొన్న మందును ప్రభుత్వ విశ్లేషకుడికి పరీక్షకు పంపవచ్చు. డబ్బు అడిగితే, ముఖ్యంగా కాన్పు వార్డుల్లో పాప పుడితే ఇంత, బాబు పుడితే ఇంత అని వసూలు చేసే చోట, అవినీతి నిరోధక శాఖకు (ఏసీబీకి) 1064 నంబరుకు ఫోన్ చేయండి. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, ఇంటికి చేర్చే బండి అన్నీ 2011 నుంచి ఉచితం. ఒక జాగ్రత్త ఉంది. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవాళ్లూ నేరస్తులే. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే మీకు రక్షణ ఉంటుంది, ఆలస్యం చేయవద్దు. వైద్యంలో నిర్లక్ష్యం విషయానికొస్తే, అందరికీ ఉచితంగా సేవ చేసే ప్రభుత్వ ఆసుపత్రి మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి వీల్లేదని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని దారులు మూసుకుపోలేదు. శస్త్రచికిత్సలో గుడ్డ కడుపులో మరిచిపోయిన మహారాష్ట్ర కేసులో 1996లో అదే కోర్టు ప్రభుత్వానిదే బాధ్యత అని తేల్చింది. సివిల్ కోర్టుకు, హైకోర్టుకు వెళ్లవచ్చు, డాక్టరు మీద రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు.

కాగితాలు చేతికొచ్చాక ఒంటరిగా తిరగవద్దు. ఒక్కరే తిరిగితే "వీడికేదో కక్ష" అంటారు. బీపీ, షుగర్ మాత్రలు వాడే పదిమందిని కలుపుకుని మొదట వైద్యాధికారి దగ్గరకే వెళ్లండి, మర్యాదగా. చాలామంది వైద్యాధికారులు పైకి గట్టిగా రాయడానికి ఒక ఆధారం కోసమే చూస్తుంటారు. మీరిచ్చే వినతిపత్రం ఆయనకు ఆ ఆధారం అవుతుంది. నేను టేబుల్ మీద చూసిన మంచి ఇండెంట్లలో కొన్ని అలా జనం ఒత్తిడి మీద వచ్చినవే.

ఆ తర్వాత మండల సర్వసభ్య సమావేశం. పాలకవర్గం ఉన్నచోట వైద్యాధికారి అక్కడికి వచ్చి తన శాఖ నివేదిక చదవాలి. మీ ఎంపీటీసీకి కాగితాలు సమావేశానికి వారం ముందే ఇచ్చి, పది నిమిషాలు కూర్చుని వివరించండి. నోటితో అడిగి ఊరుకోవద్దని, ప్రశ్నను మినిట్స్‌లో రాయించమని చెప్పండి. ఎన్ని రోజులు నిల్, ఎంత ఇండెంట్, ఎంత వచ్చింది, స్థానిక కొనుగోలు ఎంత అన్న నాలుగు అంకెలు మినిట్స్‌లోకి ఎక్కితే, తర్వాతి సమావేశంలో వాటి మీద తీసుకున్న చర్య చదవాలి. పాలకవర్గం లేనిచోట గ్రామసభలో ఇదే తీర్మానం చేయించి నకలు డీఎంహెచ్‌ఓకి రిజిస్టరు పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి.